గంట ఎందుకు మోగలేదు?

బంటుమిల్లిలో ఒక బడి ఉందనుకుందాం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి పెద్దలు చెప్పగా విన్న పిల్లలు అక్కడ ఒక ఏర్పాటు చేశారు. బడి ఈ-మెయిలు పెట్టెను పది నిమిషాలకోసారి చూసి, ఏ ఉత్తరం శీర్షికలోనైనా ‘తుపాను’ అనో, ఇంగ్లీషులో ‘సైక్లోన్’ అనో ఉంటే కంప్యూటరు గంట మోగిస్తుంది. ఇలాంటి చిన్న ప్రోగ్రామునే స్క్రిప్టు అంటారు. ఇంగ్లీషు ఉత్తరానికి గంట మోగింది. తెలుగు ఉత్తరానికి మోగలేదు!

చివరి పొలానికి నీరందకపోతే ఏం చేస్తాం? లాకు దగ్గర మొదలుపెట్టి కాలువ గట్టు వెంట నడిచి చూస్తాం. ఇక్కడా అంతే. స్క్రిప్టు పెట్టెలోకి వెళ్ళగలుగుతున్నదా? ఇంగ్లీషు ఉత్తరానికి గంట మోగింది కనుక, వెళుతున్నది. చదవని ఉత్తరాలనే అడుగుతున్నదా? అలాగైతే ఎవరైనా ముందే ఫోనులో తెరిచిన ఉత్తరం దానికి కనబడదు. ఈ ఉత్తరాన్ని ఎవరూ తెరవలేదు. ఇక శీర్షికను ఉన్నదున్నట్లు తెరమీద వేయించి చూద్దాం. అరె! తెలుగే లేదు. 4, ఎల్, సి, కె... అంటూ ఏదో గజిబిజి.

దొంగ ఇక్కడ దొరికాడు. 1982 నాటి ఈ-మెయిలు నియమాలు 128 గుర్తుల ఆస్కీ పట్టిక మీద నిలిచాయి. అందులో తెలుగుకు చోటు లేదు. 1992లో వచ్చిన ‘మైమ్’ నియమాలు ఇతర భాషలను ఆ గుర్తుల్లోనే మూటగట్టి పంపే దారి చూపాయి.

ఆ మూట ఎలా కడతారు? యూటీఎఫ్-8 పద్ధతిలో ‘త’కు మూడు బైట్లు, అంటే 24 బిట్లు. వాటిని ఆరేసి చొప్పున విడదీస్తే నాలుగు భాగాలు. ఆరు బిట్లతో 64 రకాలు వస్తాయి కదా! ఇంగ్లీషు పెద్ద అక్షరాలు 26, చిన్నవి 26, అంకెలు 10, మరి రెండు గుర్తులు కలిపి సరిగ్గా 64. అందుకే దీని పేరు బేస్-64. ‘త’ ఇలా 4, పెద్ద ఎల్, పెద్ద సి, చిన్న కె అవుతుంది. కొమ్ముకూ, దీర్ఘానికీ వేరే లెక్క. ‘తుపాను’లో ఇలాంటివి ఆరు, మొత్తం 24 గుర్తులు.

అయితే ఆ 24 గుర్తులనే వెతికితే సరిపోదా? ఒకసారి దొరుకుతాయి, మరోసారి దొరకవు. ఇలాంటి లోపమే అసలు ప్రమాదం. ‘తుపాను’కు ముందు ఒక మాట, ఒక ఖాళీ ఉన్నాయనుకోండి. ఖాళీకి ఒక్క బైటే. దాంతో మూడేసి బైట్ల కట్టలు పక్కకు జరిగి, గుర్తులన్నీ మారిపోతాయి.

కనుక ముందు మూట విప్పాలి, తరువాత వెతకాలి. పైథాన్ భాషలో అందుకు తయారు పనిముట్టు ఉంది. అది శీర్షికను ముక్కల వరుసగా ఇస్తుంది. మొదటి ముక్కతో ఆగరాదు. ఒకరికి వచ్చిన ఉత్తరాన్ని వారు మనకు పంపితే ముందు ‘ఎఫ్‌డబ్ల్యుడి’ అని చేరుతుంది. మొదటి ముక్కలో అదొక్కటే ఉండి, అసలు కబురు రెండో ముక్కలో ఉండవచ్చు. అన్నీ విప్పి కలపాలి.

అన్నట్లు, కొందరు ‘తుఫాను’ అని కూడా రాస్తారు. రెండూ వెతకమని స్క్రిప్టుకు చెప్పాలి మరి!

ఇప్పుడు ‘బంటుమిల్లి’కి ఎన్ని గుర్తులు కావాలో లెక్కకట్టండి. సున్నా, గుడులు, కొమ్ము, ‘ల్లి’లో రెండు లకారాల మధ్య దాగిన పొల్లు కూడా వదలకండి. 40 వస్తే మీ లెక్క సరైనదే.