మేకలు మార్చే ముందు షెడ్డు చూడు

చిరంజీవి రమణకు,

ఎండలు ముదిరిన వారంలోనే జమునాపరి మేకల పాలు సగానికి పడిపోయి పలచబడ్డాయనీ, అమ్మేసి సానెన్ రకం తెద్దామనుకుంటున్నాననీ రాశావు. ఆ పని చేయకు నాయనా. సానెన్ స్విట్జర్లాండు చలికొండల మేక. తెల్లటి పలచని చర్మంతో మన అనంతపురం ఎండకు ఇంకా ముందే కుదేలవుతుంది. జమునాపరిది యమునా, చంబల్ నదుల వైపు ఇటావా ప్రాంతం. అక్కడా ఎండ మండిపోతుంది. కానీ అక్కడ అది చెట్ల నీడన తిరుగుతూ కొమ్మలు మేస్తుంది. నువ్వు పంపిన ఫొటోలో రేకుల కింద నోరు తెరిచి రొప్పుతోంది.

ఈని రెండు నెలలు దాటాక పాలు మెల్లగా తగ్గడం మామూలే. వారంలో సగమయ్యాయంటే మాత్రం నాకు ముందు ఎండ మీదే అనుమానం. నీడలో స్థిమితంగా ఉన్న మేక నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. మధ్యాహ్నం రెండింటికి డొక్క కదలికలు లెక్కపెట్టు. 80 దాటితే వేడికి బాగా అల్లాడుతున్నట్టే. పీచు మేత అరిగేటప్పుడు కడుపులో వేడి పుడుతుంది కాబట్టి మేక ముందు దాన్నే మానేస్తుంది. పీచు తగ్గితే వెన్నశాతం పడుతుంది. ఒళ్లు చల్లార్చుకోవడానికి రక్తం చర్మం వైపు మళ్లి పొదుగుకు తగ్గుతుంది. పాలు తగ్గడం, పలచబడటం కలిసి వచ్చింది అందుకే. దాణా పెంచితే ఇది తీరదు, కడుపు పులిసి ఇంకో జబ్బు వస్తుంది.

రేకుల మీద సున్నం కొట్టించి, వరిగడ్డి మందంగా పరిపించు. పడమటి వైపు తడికలు కట్టు, గాలి మాత్రం ఆపకు. మేత తెల్లవారుజామునా, పొద్దుగుంకాకా వెయ్యి. అవిసె, సుబాబుల్ కొమ్మలు వేలాడదీస్తే ఇష్టంగా తింటాయి. పాలలో 87 శాతం దాకా నీరే కదా, ఎండలో కాగిన డ్రమ్ము నీళ్లు పెడితే ఎలా తాగుతాయి? తొట్టి నీడలోకి జరిపి, రోజుకు మూడు నాలుగు సార్లు చల్లటి నీళ్లు మార్చు.

చల్లదనం కోసం షెడ్డులో నీళ్లు చిలకరిస్తున్నా, వానలు పడ్డాక మానెయ్. గాలిలో తేమ ఉన్నప్పుడు అది చల్లబరచదు, నేల మాత్రం తడుస్తుంది. తడి నేల మీద పడుకుంటే పొదుగువాపు వస్తుంది. కర్రపలకల ఎత్తు అరుగు వేయించుకో. పాలకు మేకవాసన వస్తోందని కొనేవాళ్లంటున్నారు కదా, మేకపోతును పాలు పితికే చోటికి దూరంగా కట్టు.

అన్నిటికన్నా నాకు బెంగ దాణాలో వేసే వేరుశనగ చెక్క గురించి. బూజు పట్టిన చెక్కలోని అఫ్లాటాక్సిన్ అనే విషం ఎం1 రూపంలో పాలలోకి దిగుతుంది, మరిగించినా పోదు. మన దేశంలో చట్టం ఒప్పుకునేది కిలో పాలకు 0.5 మైక్రోగ్రాములే. నీ పాలు ఎక్కువగా కొనేది పసిపిల్లల తల్లులు. బూజు వాసన తగిలిన బస్తా ఎంత ధరదైనా పారబొయ్యి.

ఒక నోటుబుక్కు పెట్టు. ప్రతి మేక ఈనిన తేదీ, రెండు పూటల పాలు, మధ్యాహ్నం షెడ్డు లోపలి వేడి రాసిపెట్టు. వినాయక చవితికి వచ్చినప్పుడు తీసుకురా, కూర్చుని చూద్దాం. అప్పటిదాకా ఒక్క మేకనూ అమ్మకు.

మీ పెదనాన్న