నీటి వరుసలో కోనసీమ

లక్ష్మీనగర్‌లో మెట్రో ఎక్కి సెంట్రల్ ఢిల్లీ వైపు వెళ్తుంటే, యమునా బ్యాంక్ స్టేషన్ దాటగానే నది కనిపిస్తుంది. ఒక ఆదివారం ఆ నల్లటి నీళ్లను చూసి, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి "నాన్నా, మన గోదావరి కూడా ఇలాగే ఉంటుందా?" అని అడిగింది. నేను పుట్టి పెరిగింది కోనసీమలోని ఒక లంక గ్రామంలో. కానీ మా అమ్మాయిని అక్కడికి తీసుకెళ్లింది పెళ్లిళ్లకే. ఎల్‌ఎఫ్‌సీ ఎప్పుడూ సిమ్లాకో గోవాకో వాడేవాళ్లం. ఈసారి గోదావరికి వాడాం.

ఆ నాలుగు రోజుల్లో నేను నేర్చుకున్నది ఒక్కటే. కోనసీమను గుళ్ల జాబితాలా కాకుండా, నీరు పారే వరుసలో చూడాలి. ఓపెనింగ్ బ్యాలెన్స్ చూడకుండా ఖాతా అర్థం కాదు కదా!

మొదటి రోజు ధవళేశ్వరం. కరవులతో, ఉప్పెనలతో చితికిపోయిన ఈ ప్రాంతానికి సర్ ఆర్థర్ కాటన్ 1847–1852 మధ్య ఆనకట్ట కట్టించారు. ఇప్పుడున్న బ్యారేజీ తరవాతి కాలంది. పక్కనే కాటన్ మ్యూజియం ఉంది. దీనికి దిగువనే గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది.

రెండో రోజు గౌతమి వైపు. పంచారామాల్లో ఒకటైన ద్రాక్షారామంలో వందల శాసనాలున్నాయి. అఖండ దీపాలకు పశువులను దానమిచ్చిన వివరాలు వాటిలో కనిపిస్తాయి. పశువులు అసలు, దీపానికి అందే నెయ్యి వడ్డీ. మన ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు ఇది పెద్దన్న! అక్కడి నుంచి 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం వెళ్లాం.

మూడో రోజు వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ. పి.గన్నవరంలో కాలువ నది మీదుగా దాటుతుంది. కింద నది, పైన కాలువ! పాత అక్విడక్టు పక్కనే కొత్తది కట్టారు. దిగువన ఆదుర్రులో బౌద్ధ స్తూపపు శిథిలాలున్నాయి.

నాలుగో రోజు అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనమయ్యాక, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూశాం. తిరుగుదారిలో దిండి దగ్గర పడవ ఎక్కాం.

చివరగా మా ఊరి రేవుకు వెళ్లాం. తాతగారి కొబ్బరితోట ఉన్న చోటు మా అమ్మాయికి చూపించాను. అక్కడ నీళ్లే ఉన్నాయి. వరద వచ్చినప్పుడల్లా కొంత చొప్పున, తోటంతా కోతకు పోయింది. "మ్యాప్‌లో ఉంటుందా?" అని అడిగింది. ఉండదు. సర్వే నంబరు మాత్రం ఇంట్లో పాత దస్తావేజుల్లో ఉంది. ఏ చెట్టు ఎక్కడుండేదో చెప్పడానికి మా నాన్నగారు లేరు. నేను చెప్పలేకపోయాను.

వెళ్లదలచినవారు నవంబరు–ఫిబ్రవరి మధ్య వెళ్లండి. రాజమండ్రిలో రైలు దిగి, మొదటి రాత్రి అక్కడే ఉండి, తరవాత అమలాపురంలో బస చేస్తే అన్నీ దగ్గరే. మీ ఇంట్లో ఆ ఊళ్ల సంగతులు తెలిసిన పెద్దవాళ్లుంటే, ఈసారి ఎల్‌ఎఫ్‌సీ టికెట్లలో ముందు వారి పేరు రాయండి.