పాత పనిలోకి మళ్ళీ రానివ్వకపోతే

మా హాస్టల్లో చదివేవాళ్ళలో ఎక్కువమంది అమ్మానాన్నలు పాలకొల్లు చుట్టుపక్కల రైసు మిల్లుల్లోనో, కొబ్బరి కొట్ల దగ్గరో, భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలోనో పని చేస్తారు. సెలవులకు ఇంటికి వెళ్ళగానే మేము అడిగే మొదటి మాట "పని ఉందా?" అనే.

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అమెరికాకు వెళ్ళే సరుకుల్లో మన రొయ్యలు కూడా ఉన్నాయి. మాలో ఒకరి అమ్మగారు ఏడేళ్ళుగా ఒక ప్లాంటులో రొయ్యలు వొలిచే పని చేసేవారు. సెప్టెంబరులో "ఆర్డర్లు లేవు, ఉంటే కబురు పెడతాం" అని కొంతమందిని మానిపించారు. ఆవిడ కబురు కోసం ఎదురుచూశారు. సంక్రాంతి వెళ్ళాక ప్లాంటు బస్సు పక్క ఊరి నుంచి కొత్తవాళ్ళను ఎక్కించుకుంటోందని తెలిసి గేటు దగ్గరకు వెళ్ళారు. "మీ పేరు లిస్టులో లేదమ్మా, కొత్తోళ్ళనే పంపమన్నారు" అన్నాడు వాచ్‌మన్. ఆవిడ రెండు రోజులు ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. తనదే ఏదో తప్పు అనుకున్నారు.

అప్పుడు మాకు వచ్చిన ప్రశ్న ఇది: మళ్ళీ తీసుకోమని అడగడం బతిమాలుకోవడమేనా, లేక అందులో హక్కు ఏమైనా ఉందా? పుస్తకాలు తిరగేసి, తెలిసినవారిని అడిగి మేము నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాము.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో కొన్ని సెక్షన్లు చేర్చారు. వాటిలో 25-హెచ్ ఒకటి. కార్మికుడి తప్పు లేకుండా, పని తగ్గిందనో మనుషులు ఎక్కువయ్యారనో తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. అలా తీసేసిన యజమాని మళ్ళీ మనుషులను పెట్టుకోదలిస్తే, ముందు పాతవాళ్ళకు అవకాశం ఇవ్వాలి. వస్తామన్న పాతవాళ్ళకు కొత్తవాళ్ళ కంటే ముందు చోటు ఉండాలి. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమలులోకి వచ్చింది. దాని 72వ సెక్షన్లో ఇదే హక్కు ఉంది, కానీ ఒక గడువు పెట్టారు. తీసేసిన ఏడాదిలోపు కొత్తవాళ్ళను పెట్టుకుంటేనే ఇది వర్తిస్తుంది. పాత సెక్షన్లో ఈ ఏడాది మాట లేదు. మా దృష్టిలో ఇది కార్మికుడికి నష్టమే.

ఆలస్యం ఎంత పని చేస్తుందో ఒక కేసు చెబుతుంది. సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కొద్దికాలం తాత్కాలికంగా పని చేసిన కొందరిని 1974, 1976 మధ్య తీసేశారు. తరువాత బ్యాంకు వేరేవాళ్ళను పెట్టుకుంది. పాతవాళ్ళు 1982లో హైకోర్టుకు వెళ్ళారు. ఏడాది సర్వీసు లేనివాళ్ళకు 25-హెచ్ వర్తించదని బ్యాంకు వాదించింది. 1996లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. సర్వీసు తక్కువైనా రిట్రెంచ్ అయిన కార్మికుడికి ఈ హక్కు ఉందని చెప్పింది. అయినా ఆ కార్మికులకు ఉద్యోగాలు రాలేదు! అన్ని సంవత్సరాలు ఆగి వచ్చారు, ఈలోగా వేరేవాళ్ళు ఆ చోట్లలో కుదురుకున్నారు అన్నది కారణం. వాళ్ళు గెలిచిన మాట దేశంలోని కార్మికులందరికీ పనికొచ్చింది, వాళ్ళకు తప్ప.

ఈ హక్కు అందరికీ రాదు. తనంతట తాను రాజీనామా చేసినవారిని పాత యజమాని వద్దనవచ్చు. తప్పు చేశాడని విచారణ జరిపి తీసేసిన వారికీ ఇది లేదు. అందుకే కొన్నిచోట్ల పని ఆపేటప్పుడు ఏదో కాగితం మీద సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. అది రాజీనామా అని తరువాత తెలుస్తుంది. ఇంకో చిక్కు కాంట్రాక్టరు. "ఆమె మా మనిషి కాదు, మేస్త్రీ మనిషి" అంటారు. అప్పుడు మస్తరు ఎవరిది, పీఎఫ్, ఈఎస్ఐ ఎవరి పేరున కట్టారు అన్నవి ముందు తేలాలి.

సమ్మె తరువాత రానివ్వకపోవడం వేరే సంగతి. తెలంగాణ ఆర్టీసీలో దాదాపు 48 వేల మంది 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు సమ్మె చేసి నవంబరు 25న విరమించారు. మర్నాడు డిపోలకు వెళితే లోపలికి రానివ్వలేదు. 28న ముఖ్యమంత్రి ప్రకటించాక, 29న విధుల్లో చేరారు. వాళ్ళు అన్ని వేలమంది. ప్లాంటు గేటు దగ్గర మా స్నేహితుడి అమ్మగారు ఒక్కరే.

ఒక్కరికైనా దారి ఉంది. "నేను పనికి సిద్ధంగా ఉన్నాను" అని యజమానికి రాసి రిజిస్టర్ పోస్టులో పంపాలి. నోటితో అడిగితే అడిగినట్టు రుజువు ఉండదు. జవాబు రాకపోతే కార్మిక శాఖ అధికారికి అర్జీ పెట్టాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను నంబరు 15100. ఇది మాలో ఎవరికీ ఇంతకుముందు తెలియదు, సివిక్స్‌లో మంచి మార్కులు వచ్చినవారికి కూడా.

ఆ అమ్మగారి ఉత్తరం మేమే ఒక రాత్రి స్టడీ అవర్‌లో రాశాము. ఏడేళ్ళ సర్వీసు, ఆపేసిన తేదీ, గేటు దగ్గర జరిగింది రాసి, పీఎఫ్ నంబరు వేశాము. మూడుసార్లు తిరగరాశాము, మొదటిదాంట్లో బతిమాలినట్టు ఉందని. ఆవిడ చదివించుకుని విని సంతకం పెట్టారు. రిజిస్టర్ పోస్టు రసీదు మా స్నేహితుడి ట్రంకుపెట్టెలో, పదో తరగతి మార్కుల జాబితా పక్కన ఉంది. జవాబు ఇంకా రాలేదు. ఏడాది గడువుకు ఇంకా నెలలు ఉన్నాయి.