స్త్రీ జీవిత దశలు – హార్మోనులు – అందవలసిన ఆసరా

మన తెలుగునాట స్త్రీ జీవితంలోని ప్రతి మలుపునకూ ఒక మాట ఉన్నది. ఆడపిల్ల ఈడేరినప్పుడు "సమర్తాడింది", "పెద్దమనిషి అయింది" అంటారు. బిడ్డను కన్న స్త్రీ "బాలింత". నెలసరి ఆగిపోవుటను "ముట్లుడుగుట" అంటారు. ఉర్దూలో ఈ చివరి దశకు "సిన్నె యాస్" అని పేరు. "యాస్" అనగా నిరాశ. కనుక అది నిరాశా వయస్సు అన్నమాట.

ఈ మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు ఒక విషయం స్ఫురిస్తుంది. మొదటి మలుపులో పిల్లకు చిమ్మిలి పెట్టి, పేరంటాళ్ళను పిలిచి వేడుక చేస్తాము. రెండవ మలుపులో బాలింతకు కాయం పెట్టి, పుట్టింట ఉంచుకొని కాపాడుకొంటాము. ముస్లిం కుటుంబాలలో నలభై రోజుల "చిల్లా" పాటిస్తారు. మూడవ మలుపునకు మాత్రం వేడుకా లేదు, విశ్రాంతీ లేదు, ఊరడించే మాటైనా లేదు. పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పొలాలలో పనిచేసే స్త్రీలకు ఈ లోటు ఎంతటి నష్టం తెచ్చినదో, దానిని పూడ్చుటకు మనకు గల సాధనములేమో తెలుపుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

హార్మోనులు అనగా ఏమి?

మన శరీరంలో కొన్ని గ్రంథులు తాము తయారుచేసిన ద్రవ్యాలను నాళాలతో పని లేకుండా నేరుగా రక్తంలోనికి విడుస్తాయి. వీటిని వినాళ గ్రంథులు అంటారు. ఆ ద్రవ్యాలకు "హార్మోను" అన్న పేరును 1905లో లండనులో ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త వ్యాప్తిలోనికి తెచ్చాడు. ఉత్తేజపరచుట అనే అర్థం గల గ్రీకు ధాతువు నుండి ఆ మాట పుట్టింది. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ఆజ్ఞలను అనుసరించి స్త్రీ అండాశయాలు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ అనే హార్మోనులను విడుదల చేస్తాయి. నెలసరి క్రమం, గర్భధారణ, ఎముకల బలం, నిద్ర, మనస్సు నిలకడ – వీటన్నింటిపైనా వాటి ప్రభావం కలదు. ఈ హార్మోనులు పెరిగే కాలం, ఒక్కసారిగా పడిపోయే కాలం, క్రమంగా ఉడిగే కాలం – ఇవే స్త్రీ జీవితంలోని మూడు మలుపులు.

మొదటి మలుపు – ఈడేరుట

ఈడేరిన పిల్లకు వేడుక జరుగుతుంది గాని వివరణ జరుగదు. తొలి ఒకటి రెండు సంవత్సరాలు నెలసరి క్రమం తప్పుట సహజమని ఆమెకు ఎవరూ చెప్పరు. ఆ తరువాత కూడ నెలల తరబడి రాకపోయినా, ముఖంపై వెండ్రుకలు, మొటిమలు ఎక్కువైనా, ఒళ్ళు వచ్చినా అండాశయాల హార్మోనులలో తేడా ఉండవచ్చును. సంతానయోగ్యమైన వయస్సులో ఉన్న ప్రతి పదిమంది స్త్రీలలో సుమారు ఒకరికి ఈ లక్షణసముదాయం ఉన్నట్లు అంచనా. ఆహార నియమం, వ్యాయామం, అవసరమైనచో మందులు దీనికి చికిత్స.

రక్తహీనత మరొక సమస్య. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత కలదు. నెలసరిలో అధిక స్రావం దీనిని మరింత పెంచుతుంది. పాఠశాలల్లోను, అంగన్‌వాడీలలోను కిశోర బాలికలకు వారానికొకటిగా ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రను పారవేసే పిల్లలు తెలుసుకోవలసినదొకటి ఉన్నది. 1940వ దశకంలో అమెరికాలో ఆ ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవాడు భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

రెండవ మలుపు – బాలింతతనం

గర్భం ధరించిన నెలల్లో ఎంతో పెరిగిన హార్మోనులు ప్రసవమైన కొద్ది రోజులలోనే పడిపోతాయి. మొదటి వారంలో కారణం లేకుండా కన్నీరు వచ్చుట, చిరాకు కలుగుట సాధారణం. రెండు వారాలు దాటినా దిగులు తగ్గక, నిద్ర పట్టక, బిడ్డపై మమకారం కలుగక, బ్రతుకుపై విరక్తి తోచినచో అది వ్యాధి. దానిని గాలి సోకుటగానో దిష్టిగానో భావించి తాయెత్తులతో కాలం గడుపరాదు. పుట్టింటివారి ఆదరణ ఎంత అవసరమో వైద్యుని సలహా అంత అవసరం. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ సేవకు 14416 అనే సంఖ్యపై ఉచితంగా ఫోను చేసి ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చును.

మూడవ మలుపు – ముట్లుడుగుట

మన దేశంలో సాధారణంగా 45, 50 ఏళ్ళ నడుమ నెలసరి ఆగిపోతుంది. దానికి కొన్ని సంవత్సరాల ముందు నుండియే అండాశయాల పని తడబడుతుంది. ఒక నెల రాదు; మరొక నెల విపరీతంగా స్రవిస్తుంది. ఒంట్లో ఆవిరులు పుట్టి చెమటలు పడతాయి, నిద్ర చెడుతుంది, కీళ్ళు నొప్పులు పుడతాయి. మిరపకోతలు ముమ్మరంగా సాగే ఫిబ్రవరి, మార్చి ఎండలలో మరుగైనా లేని చేలల్లో రోజంతా వంగి కాయ కోసే స్త్రీకి ఈ బాధ ఎటువంటిదో ఊహింపవచ్చును. కర్నూలు ప్రాంతం నుండి కోతలకు వలస వచ్చి గుడారాలలో ఉండే స్త్రీలకైతే తెలిసిన ఆశా కార్యకర్త కూడ దగ్గర ఉండదు.

ఇటువంటి స్థితిలో ఆమెకు వినిపించే సలహా ఒక్కటే: "పిల్లలు పుట్టారు గదా, ఇక గర్భసంచి ఎందుకు? తీయించుకో." ఒక్కరోజు కూలి పోయినా ఇల్లు గడవని స్త్రీకి అది సులువైన మార్గంగా తోస్తుంది. ఫలితం లెక్కలలో కనిపిస్తున్నది. 2015–16 సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. 2019–21లో దేశంలో 3.3, మన రాష్ట్రంలో 8.7. అనగా వందమందిలో సుమారు తొమ్మిదిమంది. ఈ వయస్సు పరిమితిని బట్టియే వీరిలో ఎక్కువమంది ముట్లుడుగు వయస్సు రాకమునుపే శస్త్రచికిత్స పొందినవారని తెలుస్తున్నది.

క్యాన్సరు ఉన్నప్పుడు, పెద్ద గడ్డలు ఉన్నప్పుడు, మందులకు లొంగని రక్తస్రావం ఉన్నప్పుడు ఈ శస్త్రచికిత్స ప్రాణం నిలుపుతుంది. అది తప్పు కాదు. అవసరం లేనిచోట చేయుట తప్పు. గర్భసంచితోపాటు రెండు అండాశయాలనూ తీసివేసినచో ఏళ్ళ తరబడి మెల్లగా తగ్గవలసిన హార్మోను ఒక్కనాటిలో ఆగిపోతుంది. ఎముకలు పెళుసుబారుతాయి, గుండె జబ్బులకు అవకాశం పెరుగుతుంది. అండాశయాలను ఉంచినప్పటికీ అవి ముందుగానే ఉడిగిపోవచ్చును. త్వరగా కూలికి పోవలెనని తీయించుకొన్న స్త్రీ నడుము నొప్పితో కూలికి పోలేని స్థితికి వచ్చుట ఇందులోని విషాదం.

ఈ విషయం అత్యున్నత న్యాయస్థానం వరకు పోయినది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో అనవసర గర్భసంచి శస్త్రచికిత్సలను అరికట్టుటకు మార్గదర్శకాలు రూపొందించినది. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌ల ఉదంతాలపై వచ్చిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు, మూడు నెలలలోగా అన్ని రాష్ట్రాలూ వాటిని అమలులోనికి తేవలెనని ఆదేశించినది.

ఆసరా ఎక్కడ దొరుకుతుంది?

మన గుంటూరుకు ఈ విషయంలో గర్వింపదగిన చరిత్ర కలదు. పరదాలోని స్త్రీలు పురుష వైద్యునికి చూపించుకొనని కాలంలో, 1883లో, డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అనే అమెరికన్ వైద్యురాలు ఇక్కడికి వచ్చినది. 1898లో స్త్రీలకొరకు ఆమె నెలకొల్పిన ఆసుపత్రి తరువాత ఆమె పేరుతోనే ప్రసిద్ధి పొందినది. స్త్రీ తన బాధను స్త్రీతో చెప్పుకొనుటకు తావు ఉన్నప్పుడు వైద్యం సగం జరిగినట్లే అని ఆమె కృషి నిరూపించినది.

నేడు తొలి ఆసరా గ్రామంలోని ఆశా కార్యకర్త, ఉపకేంద్రం నర్సు. తరువాతిది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడ ప్రతి నెల 9వ తేదీన గర్భిణీలకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. ఆపైన గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నవి. గర్భసంచి తీయవలెనని ఎవరైనా చెప్పినప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగవలెను. జబ్బు పేరు ఏమి? స్కానింగు, హిమోగ్లోబిను, థైరాయిడ్ పరీక్షలు చేసినారా? మాత్రలతోగాని, హార్మోను గల లూపుతోగాని తగ్గదా? అండాశయాలను ఉంచుతారా? ఆపై మరొక వైద్యురాలి అభిప్రాయం తీసుకొనవలెను. ఒక హెచ్చరిక కూడ అవసరం: నెలసరి ఆగి ఏడాది గడచిన తరువాత మరల రక్తం కనబడినచో ఒక్క చుక్క అయినా ఉపేక్షింపరాదు, వెంటనే పరీక్ష చేయించుకొనవలెను.

మన కర్తవ్యం

ఇటువంటి విషయాలు కళాశాల సంచికలో వ్రాయదగునా అని కొందరికి సంశయం కలుగవచ్చును. మదీనాలోని అన్సారీ స్త్రీలు తమ దేహధర్మాలను గూర్చి అడిగి తెలుసుకొనుటకు సిగ్గు అడ్డురానీయలేదని హజ్రత్ ఆయిషా ప్రశంసించినట్లు హదీసులు తెలుపుతున్నవి. జ్ఞానార్జనకు సిగ్గు అడ్డు కారాదనుట మన సంప్రదాయమే.

కళాశాల కమిటీవారికి మూడు మనవులు. ఏడాదికి రెండుసార్లు వైద్యురాలిని రప్పించి ప్రసంగం, హిమోగ్లోబిను పరీక్ష ఏర్పాటు చేయవలెను. విద్యార్థినుల గదిలో నీరు, శానిటరీ ప్యాడ్లు, వాటిని పారవేయు వసతి ఉండవలెను. పైన చెప్పిన నాలుగు ప్రశ్నలను తెలుగులోను, ఉర్దూలోను ఒకే కాగితంపై అచ్చువేయించి ప్రతి విద్యార్థి చేతికి ఇవ్వవలెను. ఆ కాగితం విద్యార్థులకు కూడ, విద్యార్థినులకు మాత్రమే కాదు. ఆసుపత్రిలో సంతకం పెట్టేది తరచుగా భర్తయో, కొడుకో గదా! మన తల్లులలో చదువురాని వారు ఎందరో ఉన్నారు. ఈ వేసవి సెలవులలో ఇంటికి పోయినప్పుడు దానిని వారికి చదివి వినిపించుట మనము వెంటనే చేయగల సేవ.