చెప్పుటయు మానుటయు

తేనెటీగను చూపి నీతి చెప్పుట మనవారికి బాగుగా అలవడిన విద్య. బడిపిల్లల వాచకము మొదలుకొని పొదుపు ఖాతాల గోడప్రకటనల వరకు ఆ అల్పప్రాణి పేర మనకు చెప్పబడునది ఒక్కటే: ఎడతెగక శ్రమింపుము, బొట్టుబొట్టుగా కూడబెట్టుము. ఈ బోధ అసత్యము కాదు. కాని ఇది ఈగను పూవుమీద మాత్రమే చూచినవారు చేయు బోధ. పెట్టెలలో ఈగలను పెంచి, మామిడి పూత రాలి వేపయు కానుగయు పూయనారంభించిన వేసవి దినములలో పట్టు విడివడి గుంపు వెలుపలికి వచ్చుటను ఏటేట చూచువాడు వేఱొక విషయము నెఱుగును. లోకమున నింత ప్రసిద్ధి కెక్కిన ఈ కష్టజీవులు, తమ బ్రతుకులో నెల్ల పెద్ద నిర్ణయము చేయవలసి వచ్చినప్పుడు, పని యంతయు కట్టిపెట్టి, ఒక కొమ్మకు వ్రేలాడుచు, గంటలకొలదిని, ఒక్కొక్కప్పుడు దినములకొలదిని, ఆలోచన చేయును. వ్యక్తిత్వమును దిద్దుకొన దలచువానికి ఈగ శ్రమకంటె ఈ ఆలోచనపద్ధతియే ఎక్కువ పనికివచ్చునని నా యభిప్రాయము.

మా మామిడితోటలో నేను ఉంచుకొన్నవి కొలదిపాటి పెట్టెలు. తేనె అమ్ముకొని బ్రతుకువాడను కాను. అవి న్యూటను పెట్టెలు. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దులలో తిరుచిరాపల్లి ప్రాంతమున నుండిన ఒక క్రైస్తవ ఫాదిరీ మన దేశపు చిన్న ఈగకు తగిన కొలతలతో రూపొందించినందున ఆయన పేరనే చెల్లుచున్నవి. అందుండు ఈగయు పుట్టలలోను చెట్టుతొఱ్ఱలలోను కాపురముండు మన దేశవాళి ఈగయే. పూవులు సమృద్ధిగా నున్న దినములలో రాణి ఎడతెగక గ్రుడ్లు పెట్టును. పిల్లగదిలోని చట్రములన్నియు నిండిపోవును. క్రొత్తగా పుట్టిన ఈగలకు చేయ పని చాలదు, నిలువ చోటు చాలదు. రాణి యొంటినుండి వెలువడి అన్నిటికిని అందుచుండవలసిన వాసన ఆ ఒత్తిడిలో అంచులవరకు సరిగా పాఱదు. అప్పుడు పట్టు అడుగు అంచున, వేరుశెనగ కాయ తలక్రిందుగా వ్రేలాడినట్లు, రాణిగదులు పుట్టుకొని వచ్చును. గ్రుడ్డు పడిన ఎనిమిదవ దినము ప్రాంతమున ఆ గది మూతపడును; సుమారు పదునాఱవ దినమునకు క్రొత్త రాణి వెలికి వచ్చును. పాతరాణి సాధారణముగా గది మూతపడు నాటికే ప్రయాణము కట్టును గనుక, ఈ ఋతువులో వారమునకొకసారి చట్రము లెత్తి అడుగు అంచులను పరికింపని పెంపకందారునకు ఈగల యుద్దేశము తెలియదు.

పెంచిన ఈగలు కృతఘ్నములై ఉన్నట్టుండి పాఱిపోయినవని వాపోవువారిని చాలమందిని చూచితిని. ఇల్లు ఇఱుకైనదన్న వార్త చాల ముందుగనే ఆ అంచున వ్రాయబడి యుండెను, చదువువాడు లేకపోయెను. నమ్మిన గుమాస్తా పని మానివేసినప్పుడును, పెద్దకొడుకు వేఱుకాపురము పెట్టినప్పుడును, “ఉన్నట్టుండి” అను మాట మన నోట ఎంత సులువుగా వచ్చునో గమనించినచో, ఎత్తి చూడని చట్రములు మన యిండ్లలోను కలవని తోచును.

ఇక వెడలిపోవునది ఎవరో కూడ తెలిసికొనదగినది. కట్టిన పట్టును, నిలువచేసిన తేనెను, ఎదుగుచున్న పిల్లలను పుట్టబోవు రాణికి విడిచి, ముదిరాణియే సగముకంటె ఎక్కువ పరివారముతో కట్టుబట్టలతో బయలుదేఱును. కోడలు కాపురమునకు వచ్చి ఇరువదేండ్లయినను బీరువా తాళములు కొంగున ముడివేసికొని తిరుగు ఇల్లాండ్రున్న దేశములో ఈ సంగతిని నేను పైకి ఎక్కువగా చెప్పను.

బయలుదేఱు ముందు ఈగలు కడుపునిండ తేనె త్రాగును. కావున కొమ్మకు వ్రేలాడు గుంపు చూచుటకు భయంకరమే గాని కుట్టుట అరుదు. దగ్గఱకు పోయి నిలుచుండవచ్చును. ఒకదాని కాలు ఒకటి పట్టుకొని గొలుసులుగా అల్లుకొన్న ఆ ముద్దలో అధికభాగము కదలక మెదలక నుండును. కాని పైపొరమీద అక్కడక్కడ ఒక్కొక్క ఈగ తోక నతివేగముగా ఆడించుచు కొంతదూరము తిన్నగా నడచి, చుట్టు తిరిగి మొదటి చోటికి వచ్చి, మరల అట్లే నడచుచుండును. మొన్నటి వేసవిలో ప్రక్కతోట కుఱ్ఱవాడు గోనెసంచి భుజాన వేసికొని పరుగున వచ్చెను.

“బాబాయ్, కొమ్మ దులిపేద్దామా? ఎగిరిపోతే మళ్ళీ చిక్కవు!”

“ఆగరా అబ్బాయీ, ఎండ వాలనీ. ఇంకా వాటి మాట తేలలేదు. అదిగో, తోక ఊపుతోందే, అది ఎక్కడో ఇల్లు చూసొచ్చింది.”

“ఈగలకి పంచాయితీ ఏంటి బాబాయ్!” అని వాడు నవ్వెను గాని, సంచి క్రింద పెట్టి చూచుచు నిలిచెను.

ఆ నృత్యమునకు అర్థము మొదట కనిపెట్టినవాడు కార్ల్ వాన్ ఫ్రిష్; తోక ఆడించు నడక సూర్యునికి ఎంత వాలుగా దిక్కు కలదో, ఎంతసేపు సాగిన ఎంత దూరమో తెలుపునని ఆయన నిరూపించెను, 1973లో నోబెల్ బహుమానము నందెను. కాని అది మేత జాడ తెలుపు నృత్యమని మాత్రమే మొదట తలంపు. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్, యుద్ధములో గాయపడి తిరిగివచ్చి చదువు ప్రారంభించినవాడు, 1949లో మ్యూనిక్ నగరమున ఒక గుంపుమీద ఆడుచున్న ఈగలను చూచి ఆశ్చర్యపడెను: వాని కాళ్ళకు పుప్పొడి లేదు, ఒకటి మసితో నల్లబడి యున్నది, మఱొకటి ఇటుకపొడితో ఎఱ్ఱబడి యున్నది. బాంబుల దెబ్బకు కూలిన ఆ నగరములో అవి పొగగొట్టములను, గోడల బొఱియలను దూఱి చూచి వచ్చిన యిల్లు వెదకు ఈగలు. ఒక్కొక్కటి తాను చూచిన తావును చెప్పుచుండెను. చాల తావులతో మొదలైన చర్చ క్రమముగా ఒక్క తావుమీద నిలిచెను. అప్పుడు గాని గుంపు లేవలేదు.

ఆ ఏకీభావము ఎట్లు కుదురును? బలహీనమైన యింటిని సమర్థించినవి మేలైన యింటిని చూచి మనసు మార్చుకొనునని లిండావర్ ఊహించెను. మనుష్యులమైన మనకును అదియే సహజముగా తోచును: ఓడినవాడు ఒప్పుకొనవలెను గదా. అమెరికాలో తామస్ సీలీ ఈగలకు ఒక్కొక్కదానికి రంగుబొట్లు పెట్టి, చిత్రములు తీసి, సంవత్సరములతరబడి పరిశీలించి కనుగొన్న సంగతి వేఱు. ఇల్లు చూచి వచ్చిన ఈగ తొలిసారి దాని మంచిని బట్టి నృత్యము చేయును: గొప్ప యిల్లయిన చాలసేపు, సాధారణమైనదైన కొద్దిసేపు. తరువాత మరల పోయి ఆ యింటిని చూచి వచ్చును, ఈసారి నృత్యము తగ్గును, మఱల పోయి వచ్చును, ఇంకను తగ్గును, తుదకు ఊరకుండును. ఆ యిల్లు చెడ్డదని అది ఎన్నడును ఒప్పుకొనదు; ప్రక్కయింటిని పోయి పోల్చి చూచుటయు తఱచు లేదు. మేలైన యింటిని చూచినదియు ఇట్లే మానుకొనును. కాని అది మానుకొనులోపల ఎక్కువ మందిని పంపి యుండును. ఆ పోయినవియు మాటను నమ్మి వచ్చి నృత్యమునకు దిగవు. స్వయముగా లోపల దూఱి, నడచి కొలిచి, తమ తృప్తి మేరకే ఆడును. ఆ తావున ఒక్కసారిగా ఇరువది ముప్పది ఈగలు కూడినప్పుడు నిర్ణయ మైనట్లే.

ఈగలను ఋషులుగా చిత్రింప నక్కఱలేదు. ఎదుటి పక్షపు నృత్యము చేయుదానిని తలతో పొడిచి, చిన్న కూత కూసి, ఆటను ఆపించు ప్రయత్నమును సీలీ బృందము గమనించి 2012లో ప్రకటించెను. రెండు పక్షములు సమబలముగా నిలిచి, గుంపు గాలిలోనే చీలుటయు లిండావర్ చూచెను.

అయినను నన్ను పట్టి యుంచునది ఆ మానుకొనుటయే. ఊరి బడికి స్థలము నిర్ణయించుటకు పదిమంది కూర్చున్న సభను తలచుకొనుడు. చెఱువుగట్టున మేలని ఒకడు, రచ్చబండ దగ్గఱ మేలని ఒకడు. మొదటిసారి చెప్పినప్పుడు వాడు స్థలమును గూర్చియే చెప్పును; మూడవసారి చెప్పునప్పటికి తన మాటను గూర్చి చెప్పుచుండును; అయిదవసారికి తన్ను గూర్చి. స్థలము ఎప్పుడో సభనుండి లేచిపోయి యుండును. అంతలో ఆ రెండు స్థలములను నడచి చూచినవాడు ఆ పదిమందిలో ఒక్కడైనను ఉండడు. మన వ్యక్తిత్వబోధకులు నిర్భయముగా మాటాడుట నేర్పుదురు, స్వరమును పెంచుట నేర్పుదురు, ఎదుటివాని కన్నులలోనికి చూచుట నేర్పుదురు. చెప్పవలసినది దాని విలువకు తగినంత గట్టిగా చెప్పి, పిమ్మట దానిని వినినవారి కాళ్ళకు, కన్నులకు విడిచిపెట్టుట నేర్పువారు కనబడరు. అట్లు మానుకొనువానిని మనము పిఱికివానిగ నెంతుము. ఓడిపోయితినని ఒప్పించుట మన యానందము. ఒప్పుకొనక నిలుచుట మన పౌరుషము. ఈగకు ఈ రెండును లేవు. అది ఒప్పుకొనలేదు, ఓడిపోలేదు, ఊరకున్నది.

అట్లయిన లోకమంతయు కాదన్నను సత్యమునకై ఒంటరిగా నిలిచిన మహాత్ముల మాట యేమి అని ఆక్షేపింపవచ్చును. ధర్మాధర్మముల ప్రశ్న వచ్చినచోట మానుకొనుట దోషమే. కాని నిజము చెప్పుకొందము: మనము గొంతు చించుకొను విషయములలో ధర్మము పాలు ఎంత? పెండ్లి ఏ కల్యాణమండపములో, వంట ఎవరిచేత, వాకిలి ఏ ప్రక్కకు? ఇట్టి యభిరుచులకు అంతరాత్మ వేషము తొడిగి సత్యాగ్రహము పట్టువారి పోరుచేతనే సగము సంసారములు అలసిపోవుచున్నవి.

ఆనాటి గుంపును ఎండ వాలిన పిమ్మట మేమే దింపితిమి. వేఱొక పెట్టెనుండి పిల్లలున్న చట్రము నొకటి తెచ్చి క్రొత్త పెట్టెలో నుంచి, కొమ్మ క్రింద పట్టి, ఒక్క కుదుపు కుదిపితిమి. పిల్లలున్న యింటిని ఈగలు తొందరగా విడువవు. అయినను నచ్చనియెడల మఱునాడే లేచిపోవును. “పంచాయితీ తేలకుండానే మనమే తీర్పు చెప్పేశాం బాబాయ్,” అని కుఱ్ఱవాడనెను. నిజమే; పెంపకందారుడు ఎప్పుడును ప్రజాస్వామికుడు కాడు.

వాడు వెళ్ళుచు, తన తండ్రికిని పెదనాన్నకును గట్టు తగవు సాగుచున్నదనియు, ఈగల సంగతి వారికి చెప్పినచో బుద్ధి వచ్చునేమో ననియు అడిగెను. వద్దంటిని. కొమ్మమీది ఈగలలో ఎవరి మాట నెగ్గినను చేరు ఇల్లు ఒక్కటే, రాణి ఒక్కటే, రాబోవు వానకాలపు ఆకలియు ఒక్కటే; అందుచేత ఊరకున్నదానికి నష్టము లేదు. గట్టు విషయములో ఊరకున్నవాడు రెండు సాళ్ళు పోగొట్టుకొనును. అట్టివారికి వలసినది సర్వేయరు. మండల కార్యాలయములో అర్జీ పెట్టుమని చెప్పి పంపితిని.