పుల్లఐసు అంగడి: పరదేశమున నొక కూడలి

మనుష్యుడు జీవనార్థమై పరదేశమునకు బోయినపుడు వానికి మొదట కావలసినది పని. పని దొరకిన పిదప కావలసినది తన మాట తెలిసిన నలుగురితో గూడి కూర్చుండదగిన చోటు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మెక్సికో దేశపు వలసజనులకు అట్టి చోటులుగా నేర్పడినవానిలో పుల్లఐసు అంగడి యొకటి. అది యెట్లు పుట్టెనో, జనులు దానియందేల కూడుదురో సంగ్రహముగా వివరించెదము.

మనము పుల్లఐసు అనుదానిని మెక్సికోవారు స్పానిషు భాషలో పలెతా యందురు. దానిని జేసి యమ్ము నంగడి పలెతెరియా. పలెతాలు రెండు విధములు. నీటితో జేయువానిలో మామిడి, చింతపండు, నిమ్మ మున్నగు రసములుండును. మన ఎఱ్ఱగోంగూర జాతి మొక్కయొక్క పూవు నంటియుండు ఎఱ్ఱని రక్షకపత్రములను నీట మరిగించి, ఆ రసమును గూడ వాడుదురు. పాలతో జేయువానిలో కొబ్బరి, దాల్చినచెక్కతో నుడికించిన బియ్యము మొదలగునవి చేరును. మామిడి పలెతాకు ఉప్పును కారమును అద్ది తినుట వారికి మిక్కిలి ప్రీతి. మామిడికాయముక్కను ఉప్పుకారముతో దిను మన బాలురకు ఈ రుచిని వేఱుగ జెప్పనక్కఱలేదు.

కొయ్యతొట్టిలో మంచుగడ్డలును ఉప్పును నింపి, నడుమ రసముగల లోహపాత్ర నుంచి, దానిని చేతితో ద్రిప్పుచు గడ్డకట్టించు పాతపద్ధతియు నేటికి మెక్సికోలో కలదు. ఉప్పు కలిసిన మంచు 0 డిగ్రీల సెంటిగ్రేడుకంటె తక్కువ శీతమునందే కరగును. కరగుటకు వలయు వేడిమిని అది పాత్రలోని రసమునుండి గ్రహించుటచే ఆ రసము గడ్డకట్టును.

ఈ వర్తకమునకు బేరుగాంచిన యూరు మిచోవకాన్ రాష్ట్రములోని తొకుంబో. అది చిన్న పట్టణము. 1940 దశకమున ఆ యూరివారైన ఇగ్నాసియో అల్కాసార్, అగుస్తిన్ అంద్రాదె మున్నగువారు మెక్సికో రాజధానికి బోయి పలెతా అంగళ్లు తెఱచిరి. లాభము వచ్చినపుడు వారు దానిని తమకే దాచుకొనక, బంధువులకును ఊరివారికిని అప్పిచ్చి అంగళ్లు పెట్టించిరి. అప్పు తీర్చినవాడు మఱియొకనికి అప్పిచ్చెను. ఇట్లు నమ్మికయే మూలధనమై, దేశమంతటను వేలకొలది అంగళ్లు వెలసెను. వానిలో ననేకము 'లా మిచోవకానా' యను పేరు వహించినను, అవన్నియు నొక్క యజమానుని సొత్తు కావు. తొకుంబో పట్టణద్వారమున నేడు ఒక మహా పలెతా విగ్రహము నిలిచియున్నది.

మెక్సికో జనులు ఉత్తరమునకు వలసపోగా ఈ అంగడియు వారివెంట కాలిఫోర్నియా, టెక్సాసు, ఇల్లినాయి రాష్ట్రములకు బోయెను. అచ్చట అది తినుబండారముల విక్రయస్థానము మాత్రమే కాదు. ఆదివారమున ఆరాధన ముగిసిన పిదప తాతలు, తల్లిదండ్రులు, పిల్లలు ఒక్క బల్లచుట్టు కూర్చుందురు. పలెతా వెల స్వల్పమగుటచే కూలివాడును సంకోచములేక లోనికి రాగలడు. ఎచ్చట పని కలదు, ఎచ్చట అద్దెయిల్లు దొరకును అను వార్తలు నోటినోట వ్యాపించును. అమెరికాలో బుట్టిన పిల్లవాడు తనకు వలసిన రుచిని స్పానిషులో నడుగుచు తాతగారి భాషను మఱువకుండును. చలికాలమున అమ్మకము తగ్గునుగాన, మొక్కజొన్నగింజలను వేడిగా నమ్మి తలుపులు తెఱచియుంచువారును కలరు.

ఐనను ఇట్టి కూడలి నిలుచుట సులభము కాదు. 2025 జూను మాసమున లాస్ ఏంజిలిస్ నగరమున వలసశాఖాధికారులు జనులను పట్టుకొనుచుండగా, వీధివర్తకు లనేకులు భయపడి యిల్లు వెడలరైరి. వలసజనుల అంగళ్లు పెక్కు వెలవెలబోయెను. మంచు నిలుపుటకు యంత్రము చాలును. మనుష్యులు కూడుటకు నిర్భయత్వము వలయును. అది లేనిచోట బల్లలును కుర్చీలును ఉన్నను అంగడి కూడలి కానేరదు.

విద్యార్థులారా, దీనినుండి మనము రెండు సంగతులు గ్రహింపవచ్చును. తాను నిలద్రొక్కుకొన్నవాడు మఱియొకనికి చేయూత నిచ్చిన చిన్న యూరును దేశమెల్ల నెఱుగును. పరదేశి నిశ్చింతగా కూర్చుండ జోటు దొరకిన యూరే నిజమైన నాగరకత గల యూరు. మన పాఠశాలకు దూరగ్రామమునుండి వచ్చిన క్రొత్తబాలుడు ఒంటరిగా నిలిచియున్నపుడు, వానికి మన బల్లపై జోటిచ్చుటతో ఈ పాఠమును అభ్యసింప నారంభింతము.