పాత వంతెనలు, చిన్న గ్రాంటు: ముందు ఎక్కడ ఖర్చు పెట్టాలి?

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద 1900లో మొదలైన హేవ్‌లాక్ వంతెన 1997 దాకా రైళ్లను మోసింది. గోవాలో మాండవి నది మీద 1970లో కట్టిన వంతెన 1986లోనే కూలిపోయింది. అందుకే సబ్‌డివిజన్‌లో కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజనీర్లకు (ఏఈలకు) నేను మొదట చెప్పేది, వంతెనల జాబితాను వయసు ప్రకారం వరస పెట్టవద్దని. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎటు దిగుతున్నాయో ముందు చూడండి.

మెయింటెనెన్స్ గ్రాంటును అన్నిటికీ సమంగా పంచితే ఏ ఒక్కదానికీ చాలదు. వంతెన పరిస్థితి ఎలా ఉంది, అది మూతపడితే జనం ఎంత దూరం చుట్టు తిరగాలి, ఈ రెండూ కలిపి చూడండి. వేరే దారి లేని లంక గ్రామం వంతెన, పక్కనే బైపాస్ ఉన్న పెద్ద వంతెనకన్నా ముందు రావాలి. గతుకుల మీద రోజూ ఫిర్యాదులు వస్తాయి. పునాది గురించి ఎవరూ అర్జీ పెట్టరు, కనుక దాని తరఫున మీరే మాట్లాడాలి.

వరద ఉధృతిలో పియరు చుట్టూ ఇసుక కొట్టుకుపోయి గుంట పడుతుంది. వరద తీసేటప్పుడు అదే గుంట వదులు ఇసుకతో పూడి, పైకి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. వర్షాలకు ముందూ తర్వాతా, పారాపెట్ మీద రంగుతో గుర్తులు పెట్టుకున్న చోట్ల నుంచే, బరువు కట్టిన టేపు దించి నది అడుగును కొలవండి. నీళ్లు తగ్గాక పియరు పక్కన ఇనప కడ్డీ దించి చూస్తే వదులు ఇసుక ఎంత లోతుందో తెలుస్తుంది. దిగువన ఇసుక తవ్వకాలుండి, వంతెనది ఓపెన్ ఫౌండేషన్ అయ్యి, ఏటేటా అడుగు దిగుతుంటే ఆ ఏడాది డబ్బు ముందు అక్కడికే వెళ్లాలి.

పియరు మీద ప్రమాద మట్టం ఎర్రగీత కూడా గీయించండి. నీరు గీత దాటితే రాకపోకలు ఎవరు ఆపుతారో తహసీల్దారుతో, పోలీసులతో వర్షాకాలానికి ముందే తేల్చుకోండి. 2016 ఆగస్టు 2 రాత్రి మహారాష్ట్రలో మహాడ్ దగ్గర సావిత్రి నది వరదలో బ్రిటిష్ కాలపు వంతెన కూలి, బస్సులు కొట్టుకుపోయాయి.

ఇక కూలీల ఖర్చుతో అయిపోయే పనులు. డెక్కు మీది నీటి గొట్టాల్లో మట్టి తీయించండి. గొట్టం పొట్టిదైతే నీళ్లు గర్డరు మీదుగా కారతాయి, గర్డరు అడుగు దాటేలా పొడిగించండి. వంతెన సందుల్లో మొలిచిన రావి మొక్కను కొమ్మ నరికి వదిలితే మళ్లీ వస్తుంది. వేరు తీసి, సందును మోర్టారుతో పూడ్చాలి. కారే ఎక్స్‌పాన్షన్ జాయింటును మాత్రం వాయిదా వేయకండి, ఆ నీళ్లన్నీ గర్డరు చివర్ల మీద, బేరింగుల మీద పడతాయి.

రోడ్డు పని వచ్చినప్పుడు వంతెన మీద పాత తారు తీయకుండా కొత్త పొర వేయనివ్వవద్దు. 7.5 మీటర్ల వెడల్పున 50 మిల్లీమీటర్ల పొర అంటే మీటరు పొడవుకు సుమారు 860 కిలోలు. వంద మీటర్ల వంతెన మీద 86 టన్నుల శాశ్వత భారం. రెండు మూడు సార్లు వేస్తే ఎంతవుతుందో లెక్క కట్టుకోండి.

పెచ్చులూడిన చోట సిమెంటు పూసి సున్నం కొట్టడం డబ్బు దండగ. తుప్పు లోపల సాగుతూనే ఉంటుంది, పైగా పగుళ్లు కనబడకుండా పోతాయి. కడ్డీ వెనక వరకూ చెక్కి, తుప్పు గీకి, అప్పుడు పూడ్చాలి. ఉప్పుగాలి తగిలే కోనసీమ వంటి చోట్ల దీన్ని ఎస్టిమేటులోనే విడి ఐటమ్‌గా రాయండి. పగులు పెరుగుతోందా లేదా అన్న అనుమానం ఉంటే దాని మీద సన్నటి గాజుపలక అతికించి తేదీ రాయండి. పలక పగిలితే పగులు కదులుతోందన్నమాట.

పరంజా ఎక్కించే ఖర్చు చాలాసార్లు అసలు మరమ్మతును మించుతుంది. అందుకే ఒకసారి కట్టినప్పుడే బేరింగుల శుభ్రం, పెచ్చుల పని, ఫొటోలు అన్నీ కానివ్వండి. నాలుగైదు వంతెనల జాయింట్లను ఒకే టెండరు కింద పిలవండి. త్వరలో కొత్త వంతెన రాబోతుంటే పాతదానికి ప్రాణభద్రత పనులు చాలు.

డబ్బు రాకముందే చేయగలిగింది బరువు పరిమితి. అనుమానం బలంగా ఉన్న రోజే ఫొటోలు, కొలతలు జతచేసి, భారీ లారీలు ఆపాలని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు (ఈఈకి) లిఖితపూర్వకంగా పంపండి. ఫోనులో చెప్పి ఊరుకోకండి. నకలును ఆ వంతెన ఫైలులో ఉంచండి, మీరు బదిలీ అయ్యాక వచ్చే ఏఈ మొదట తెరిచేది దాన్నే.